ఈఎక్స్‌టీ4 బ్లాక్ అలొకేషన్ ప్యాచ్‌ను రివ్యూ చేసేటప్పుడు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇది: సీ బాగా వచ్చు, కెర్నల్ కోడ్ చదవగలరు, కానీ లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఎంబాలాక్‌ని (ఫైళ్లకు డిస్క్ బ్లాకులు కేటాయించే భాగం, అంటే అలొకేటర్) మార్చే ప్యాచ్ సిరీస్ ఒకటి రివ్యూకి వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

డిఫ్‌లో కొత్తగా చేరిన లైన్లను కాసేపు పక్కన పెట్టండి. ప్యాచ్ ముట్టుకున్న ఫంక్షన్‌లోంచి బయటికొచ్చే దారులన్నీ ముందు రాసుకోండి: ప్రతి రిటర్న్, ప్రతి గోటూ. ఖాళీ చోటు వెతికే లాజిక్‌లో పొరపాటు ఉంటే మహా అయితే ఫైలు ముక్కలుముక్కలుగా పడుతుంది, పని నెమ్మదిస్తుంది. లెక్కలో పొరపాటు ఉంటే మాత్రం చోటుండగానే డిస్క్ నిండిందంటుంది, లేదా ఒకే బ్లాక్ రెండు ఫైళ్లకు పోతుంది. అందుకే నా దృష్టిలో అలొకేటర్ రివ్యూ అంటే ముందుగా లెక్కల తనిఖీ.

ఒక బ్లాక్ కేటాయిస్తే కనీసం ఐదు చోట్ల లెక్క మారుతుంది: డిస్క్ మీద బిట్‌మ్యాప్, గ్రూప్ (డిస్క్‌ను విభజించిన భాగం) డిస్క్రిప్టర్‌లో ఖాళీల సంఖ్య, మెమరీలో బడ్డీ (ఖాళీ బ్లాకుల గుంపుల పట్టిక), మొత్తం ఫైల్‌సిస్టమ్‌కి ఉండే పర్-సీపీయూ కౌంటర్లు, కోటా (యూజర్ వాడుకోగల చోటుకు పరిమితి). ఏ దారిలో బయటికొచ్చినా ఈ ఐదూ ఒకదానితో ఒకటి సరిపోవాలి.

ఎంబాలాక్‌లో కొత్త బ్లాకులిచ్చే ప్రధాన ఫంక్షన్‌నే తీసుకోండి. డిలేడ్ అలొకేషన్ (రాసినప్పుడు చోటు రిజర్వ్ చేసి, బ్లాకులు తర్వాత ఇచ్చే పద్ధతి) కింద ముందే రిజర్వ్ కాని రిక్వెస్ట్ అయితే మొదట ఖాళీ క్లస్టర్లను (కేటాయింపు యూనిట్లు, మామూలుగా ఒక క్లస్టర్ అంటే ఒక బ్లాకే) క్లెయిమ్ చేస్తుంది. దొరక్కపోతే పొడవును సగానికి తగ్గించుకుంటూ పోతుంది, సున్నాకి చేరితే ఈనోస్పేస్ (చోటు లేదనే ఎర్రర్). క్లెయిమ్ అయినంత మేర డర్టీ క్లస్టర్ల కౌంటర్ (క్లెయిమ్ అయి ఇంకా కేటాయించని వాటి లెక్క) పెరుగుతుంది. తర్వాత కోటా అడుగుతుంది. అక్కడ కుదరకపోతే పొడవును ఒక్కొక్కటిగా తగ్గిస్తుంది. అంటే కోటా ఇచ్చింది క్లెయిమ్ చేసినదానికంటే తక్కువ కావచ్చు. చివరికి దొరికిన ఎక్స్‌టెంట్ (వరస బ్లాకుల ముక్క) అంతకంటే చిన్నది కావచ్చు. అలా మిగిలిన కోటాను చివర అవుట్ లేబుల్ దగ్గర వెనక్కిస్తారు. డర్టీ కౌంటర్‌ను మాత్రం రెండు చోట్ల తగ్గిస్తారు: కేటాయింపు జరిగితే బిట్‌మ్యాప్‌లో గుర్తుపెట్టే ఫంక్షన్‌లో, ఏమీ దొరక్కపోతే అవుట్ దగ్గర. ఇప్పుడు ఎవరైనా ఈ మధ్యలో "ఇది కుదరదు, తిరిగి వెళ్లిపో" అని ఒక రిటర్న్ పెట్టారనుకోండి. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, కంపైలర్ ఏమీ అనదు. కానీ ఆ దారిలో వెళ్లిన ప్రతిసారీ కొన్ని క్లస్టర్లు లీకవుతాయి.

ఈ లీక్‌ను గుర్తుపట్టే తీరు: డీఎఫ్ కమాండ్‌లో ఖాళీ తగ్గుతూ పోతుంది, ఫైళ్లు తీసేసినా పూర్తిగా తిరిగి రాదు, అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేస్తే సరైపోతుంది. డిస్క్‌ను తనిఖీ చేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకేకి ఏ తప్పూ కనిపించదు, ఎందుకంటే తప్పు మెమరీలోనే ఉంది. ఎఫ్‌ఎస్‌సీకే క్లీన్‌గా వచ్చిందన్న ఒక్క మాట మీద అలొకేటర్ ప్యాచ్‌ను ఒప్పుకోవద్దు.

పర్-సీపీయూ కౌంటర్లలో ఇంకో ఉచ్చు ఉంది. మామూలుగా చదివితే వచ్చేది ఉజ్జాయింపు విలువే. ప్రతి సీపీయూ తన వాటాను బ్యాచ్ నిండేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. బ్యాచ్ అంటే 32, సీపీయూల సంఖ్యకు రెట్టింపు, ఈ రెండిట్లో పెద్దది. 4 సీపీయూల మెషీన్‌లో తేడా సుమారు 128 బ్లాకుల దాకా, అంటే 512 కేబీ. 128 సీపీయూల సర్వర్‌లో 256 ఇంటూ 128, అంటే 32768 బ్లాకులు, 4 కేబీ బ్లాక్ లెక్కన 128 ఎంబీ! అందుకే ఖాళీ ఒక హద్దు కంటే తగ్గితే ఈఎక్స్‌టీ4 అన్ని సీపీయూల విలువలనూ కలిపి ఖచ్చితమైన మొత్తం తీస్తుంది. "ఈ కూడిక ఖరీదైనది, తీసేశాను" అని ప్యాచ్ వస్తే, అది రాసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఎప్పటికీ తప్పు చూపించకపోవచ్చు.

డిలేడ్ అలొకేషన్‌లో ఇది ఇంకా ముఖ్యం. అప్లికేషన్ రైట్ చేసినప్పుడు చోటును రిజర్వ్ మాత్రమే చేస్తారు, అసలు బ్లాకులు రైట్‌బ్యాక్ సమయంలో ఇస్తారు. రైట్‌కి సక్సెస్ చెప్పేశాక రైట్‌బ్యాక్‌లో ఈనోస్పేస్ వస్తే, ఎఫ్‌సింక్ పిలవని అప్లికేషన్‌కి ఆ సంగతి తెలిసే దారే ఉండదు, డేటా పోతుంది. ఎక్స్‌టెంట్ ట్రీ పెరిగితే మెటాడేటాకీ బ్లాకులు కావాలి. వాటికోసం ఈఎక్స్‌టీ4 మొత్తం క్లస్టర్లలో 2 శాతం లేదా 4096 క్లస్టర్లు, ఏది తక్కువైతే అది, పక్కన పెట్టి ఉంచుతుంది. ఆ నిల్వను ఎవరు వాడుకోవచ్చో నిర్ణయించే ఫ్లాగ్‌ను ప్యాచ్ కొత్త చోట పంపిస్తుంటే కారణం అడగండి.

తర్వాత జర్నల్, అంటే క్రాష్ తర్వాత మళ్లీ అమలు చేయడానికి (రీప్లే) మార్పులను ముందుగా రాసుకునే లాగ్. ఇక్కడ ప్రతి లైన్ దగ్గరా ఆగి, సరిగ్గా ఇప్పుడు కరెంటు పోతే రీప్లే తర్వాత డిస్క్ మీద ఏముంటుందో చూడాలి. ఒక ఫైలును డిలీట్ చేశారు, దాని బ్లాకులు ఖాళీ అయ్యాయి, ఆ ట్రాన్సాక్షన్ ఇంకా కమిట్ కాలేదు. ఆ బ్లాకులను వెంటనే ఇంకో ఫైలుకిచ్చి డేటా రాశాక క్రాష్ అయితే, రీబూట్ తర్వాత డిలీట్ జరగనట్టే లెక్క. పాత ఫైలు తిరిగొస్తుంది, లోపల మాత్రం వేరే ఫైలు డేటా ఉంటుంది. అందుకే విడిచిన బ్లాకులను కమిట్ అయ్యేదాకా అలొకేటర్‌కి అందనివ్వరు. డిస్కార్డ్ (ఈ బ్లాకులు ఖాళీ అని డివైస్‌కి చెప్పడం) కూడా కమిట్ తర్వాతే. "ఈనోస్పేస్ త్వరగా వచ్చేస్తోంది, విడిచిన బ్లాకులను వెంటనే వాడుకుందాం" అనే ప్యాచ్ ఈ నియమాన్నే విరగ్గొడుతుంది. దానికి సరైన మార్గం జర్నల్ కమిట్‌ను బలవంతంగా చేయించి మళ్లీ ప్రయత్నించడం, ఆ కోడ్ ఇప్పటికే ఉంది.

విడిచింది మెటాడేటా బ్లాక్ అయితే రివోక్ రికార్డు (ఆ బ్లాక్‌ను రీప్లే చేయొద్దనే గుర్తు) కూడా పడాలి. లేకపోతే రీప్లే ఆ పాత మెటాడేటాను తెచ్చి కొత్త ఫైలు డేటా మీద రాసేస్తుంది.

లాకుల సంగతి క్లుప్తంగా. గ్రూప్ లాక్ స్పిన్‌లాక్, కాబట్టి దాన్ని పట్టుకుని నిద్రపోయే పని ఏదీ చేయకూడదు. ట్రాన్సాక్షన్ హ్యాండిల్ తెరిచి ఉండగా మెమరీ అడిగితే జీఎఫ్‌పీ నోఎఫ్‌ఎస్ (ఫైల్‌సిస్టమ్‌లోకి తిరిగి వెళ్లకుండా మెమరీ తెచ్చే) సందర్భంలోనే అడగాలి, లేకపోతే రీక్లెయిమ్ (మెమరీ ఖాళీ చేసే పని) తిరిగి ఇదే ఫైల్‌సిస్టమ్‌లోకి వచ్చి ఇరుక్కుంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ ప్యాచ్ అయితే ఒకే ట్రాన్సాక్షన్‌లో అలొకేషన్ గ్రూపుల లాకులు పెరిగే నంబర్ క్రమంలోనే తీసుకుంటున్నారా అన్నది చూడండి.

టైపుల దగ్గర కాస్త నిదానించండి. 4 కేబీ బ్లాకులైతే ఒక గ్రూప్‌లో 32768 బ్లాకులు, 128 ఎంబీ. గ్రూప్ నంబర్‌ను 32768తో 32 బిట్లలోనే గుణిస్తే సరిగ్గా 16 టీబీ దగ్గర విలువ చుట్టు తిరిగి సున్నాకొస్తుంది. సైన్డ్ ఇంట్ అయితే 8 టీబీకే నెగటివ్ అవుతుంది. గుణకారానికి ముందే 64 బిట్‌లకు మార్చారా అన్నది చూడాలి, ఫలితాన్ని మారిస్తే లాభం లేదు. పరీక్షకు పెద్ద డిస్క్ అక్కర్లేదు: ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద 20 టీబీ స్పార్స్ ఫైలు చేసి లూప్ డివైస్‌గా వాడండి. 4 కేబీ బ్లాకుల ఈఎక్స్‌టీ4 మీద అంత పెద్ద ఫైలు కుదరదు. బిగాలాక్ (కొన్ని బ్లాకులను కలిపి ఒక క్లస్టర్‌గా ఇచ్చే ఫీచర్) ఉంటే బ్లాకు వేరు, క్లస్టర్ వేరు. వేరియబుల్ పేరు లెన్ అని మాత్రమే ఉంటే అది దేనిలో కొలిచిందో పిలిచిన చోటికి వెళ్లి తేల్చుకోండి.

టెస్టుల్లో ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ (ఫైల్‌సిస్టమ్ పరీక్షల సూట్) ఆటో గ్రూప్ తప్పనిసరి. డిఫాల్ట్ 4 కేబీ ఒక్కటే చాలదు, 1 కేబీ బ్లాకులతోనూ బిగాలాక్‌తోనూ నడపమనండి. 1 కేబీలో గ్రూప్ 8 ఎంబీకి దిగుతుంది కాబట్టి గ్రూప్ సరిహద్దు తప్పులు త్వరగా బయటపడతాయి. జెనరిక్ 269 డిస్క్ నిండిన స్థితిలో ఎఫ్‌ఎస్‌స్ట్రెస్ నడుపుతుంది, జెనరిక్ 475 డివైస్ ఎర్రర్లు పుట్టించి లాగ్ రికవరీని పరీక్షిస్తుంది. ఈ రెండింటినీ ఒకసారి కాక, లాక్‌డెప్ (లాకుల తనిఖీ), కేసాన్ (మెమరీ తప్పుల తనిఖీ) ఆన్ చేసి రాత్రంతా తిప్పితే మంచిది. ఎంబాలాక్‌కి కేయూనిట్ (కెర్నల్ యూనిట్ టెస్ట్ ఫ్రేమ్‌వర్క్) టెస్టులూ ఉన్నాయి, కొత్త ఫంక్షన్‌కి ఒక కేస్ చేర్చమని అడగడంలో తప్పులేదు.

వెతికే క్రమాన్ని మార్చే ప్యాచ్ అయితే అంకెలు లేకుండా ఒప్పుకోవద్దు. కెర్నల్ 5.13లో వచ్చిన ఎంబీ ఆప్టిమైజ్ స్కాన్ అనే ఆప్షన్ పెద్ద, ముక్కలైన డిస్కుల్లో గ్రూప్ వెతుకులాటను బాగా తగ్గించింది. కానీ చిన్న ఫైళ్లను వరసగా రాసేటప్పుడు కేటాయింపులు చాలా గ్రూపులకు చెదిరిపోయి, ఎస్‌డీ కార్డుల మీద టార్ విప్పడం లాంటి పనులు బాగా నెమ్మదించాయి. 6.0లో ముందు లక్ష్య గ్రూప్‌నే ప్రయత్నించేలా సరిచేశారు. అక్కడ లెక్క ఎక్కడా తప్పలేదు, బ్లాకులు పడిన చోటే ఇబ్బంది. కాబట్టి ఎన్‌వీఎమ్‌ఈ ఫలితంతో పాటు నెమ్మది ఫ్లాష్ మీద ఫలితం, 90 శాతం నిండిన డిస్క్ మీద ఈ2ఫ్రీఫ్రాగ్ (ఖాళీ చోటు ఎంత ముక్కలైందో చూపే టూల్) అవుట్‌పుట్ ముందూ తర్వాతా అడగండి.

సిరీస్‌లో కోడ్ సర్దుబాటు, ప్రవర్తన మార్పు ఒకే ప్యాచ్‌లో కలిసి ఉంటే, వివరాల్లోకి వెళ్లకముందే విడదీయమని జవాబివ్వండి. కలిసి ఉన్నప్పుడు పైన చెప్పిన ఎర్రర్ దారుల తనిఖీ దాదాపు అసాధ్యం. కొత్త వెర్షన్ వచ్చాక గిట్ రేంజ్-డిఫ్‌తో పాతదానితో పోల్చి, మారిన ఫంక్షన్ల దారుల జాబితాను మళ్లీ ఒకసారి పూర్తిగా చూశాకే రివ్యూడ్-బై (మీ ఆమోదం తెలిపే ట్యాగ్) ఇవ్వండి.