సైటు ఫోల్డర్ మారిస్తే గూగుల్ నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోతారా?

మీ పాఠాల సైటు మొత్తం ‘న్యూ2’ అనే ఫోల్డర్‌లో ఉంది, దాన్ని ‘పాఠాలు’ ఫోల్డర్‌కి మార్చాలి, గూగుల్ నుంచి వచ్చే జనం పోతారేమోనని మీ భయం. సరిగ్గా చేస్తే పోరు. కొన్ని వారాలు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. ఒక కోచింగ్ సెంటర్ సైటుకు నేను ఇదే పని చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

అసలు పని 301 రీడైరెక్ట్. ‘ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారింది’ అని సర్వర్ చెప్పడమన్నమాట. 302 పెట్టకండి, అది తాత్కాలికం. రీడైరెక్ట్ పెడితే పేజ్‌ర్యాంక్ (లింకులను బట్టి పేజీకి గూగుల్ ఇచ్చే విలువ) తగ్గుతుందని ఇప్పటికీ చాలామంది టెన్షన్ పడతారు. అలా తగ్గదని గూగుల్ తరఫున గ్యారీ ఇల్యెస్ 2016లోనే చెప్పారు.

ప్రతి పాత పేజీ తన కొత్త పేజీకే వెళ్లాలి. అన్నిటినీ కట్టగట్టి హోమ్ పేజీకి పంపితే గూగుల్ వాటిని లేని పేజీల కిందే లెక్కేస్తుంది. మీది ఫోల్డర్ పేరు మారడమే కాబట్టి అపాచీలో (సైటును నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) ఒక్క రూల్ చాలు: పాత ఫోల్డర్ పేరు తర్వాత ఏముంటే అది అలాగే కొత్త పేరు వెనక తగిలించడం.

తెలుగు సైట్లకు తంటా వచ్చేది ఇక్కడే. అడ్రసులో తెలుగు ఉంటే ఒక్కో యూనికోడ్ గుర్తు మూడు బైట్లవుతుంది, శాతం గుర్తులతో (%E0%B0%AA లాగా) రాస్తే తొమ్మిది అక్షరాలు. ‘పాఠం’ అన్న చిన్న మాట 36 అక్షరాల తోరణమైపోతుంది. అలాంటి అడ్రసును చేత్తో రీరైట్ రూల్‌లో (పాత అడ్రసును కొత్తదిగా మార్చే ఆ రూల్‌లో) రాస్తే, అపాచీ ఆ శాతం గుర్తునే మళ్లీ ఎన్‌కోడ్ చేసి %25 చేసేస్తుంది, ‘పేజీ దొరకలేదు’ అనే 404 వస్తుంది. రూల్‌కు ‘ఎన్ఈ’ (నో ఎస్కేప్, అంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయొద్దని) ఫ్లాగ్ పెడితే ఇది ఆగుతుంది. %80 లాంటివి ఉన్నచోట శాతం ముందు బ్యాక్‌స్లాష్ కూడా ఉండాలి, లేకపోతే %8ని అపాచీ వేరే అర్థంలో తీసుకుంటుంది. నా సలహా అడిగితే, కొత్త ఫోల్డర్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. గూగుల్‌కు తెలుగు అడ్రసుతో ఇబ్బందేమీ లేదు గానీ, వాట్సాప్‌లో పంపినప్పుడు ఆ శాతం గుర్తుల వరుస చూసి జనం నొక్కడానికే జంకుతారు.

పాత ఫోల్డర్‌ను రోబోట్స్ ఫైల్‌లో (ఏ పేజీలు చూడొచ్చో గూగుల్ లాంటివాటికి చెప్పే ఫైలు) బ్లాక్ చేయడం చాలాచోట్ల చూశాను. ‘ఇక దాంతో పనేముంది’ అనుకుంటారు. బ్లాక్ చేస్తే గూగుల్‌బాట్ (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్) ఆ పేజీల దగ్గరికే రాదు, రాకపోతే రీడైరెక్ట్ ఉందని దానికి ఎలా తెలుస్తుంది? తెరిచే ఉంచండి.

మెనూ, పాఠాల మధ్య లింకులు, కెనానికల్ ట్యాగ్ (పేజీ అసలు అడ్రసు ఇదీ అని గూగుల్‌కు చెప్పేది), సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) అన్నీ నేరుగా కొత్త అడ్రసే చూపాలి. ఇంతకుముందే ఒకసారి ఫోల్డర్ మారి ఉంటే, ఆ మొదటి అడ్రసును కూడా మధ్యలో ఆపకుండా నేరుగా ఇప్పటి చోటికే పంపండి. సెర్చ్ కన్సోల్‌లోని (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే పరికరం) ‘చేంజ్ ఆఫ్ అడ్రస్’ డొమైన్ మారేవాళ్ల కోసం, మీకు అక్కర్లేదు. డిజైన్ మార్పు మాత్రం ఇప్పుడే వద్దు. రెండూ ఒకేసారి చేస్తే, ట్రాఫిక్ తగ్గినప్పుడు దేనివల్లో తేలదు.

మార్చే ముందు సెర్చ్ కన్సోల్ నుంచి ఎక్కువ క్లిక్కులు వచ్చే పేజీల జాబితా దించుకోండి. మార్చిన రోజే వాటి పాత లింకులు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. నేను ఫోన్‌లో, ఇన్‌కాగ్నిటో విండోలో చూశాను, ఎందుకంటే బ్రౌజర్ 301ని గుర్తుపెట్టుకుని పాత ఫలితాన్నే చూపిస్తుంటుంది.

రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ అంటుంది. నేనైతే ఎప్పటికీ తీయను. గ్రూప్-2 పరీక్ష ముందు రాత్రి, ఎప్పుడో దాచుకున్న లింకు నొక్కిన పిల్లకు పాఠం తెరుచుకోవాలి కదా. ఆ ఒక్క రూల్ వల్ల సర్వర్‌కు వచ్చే భారమేమీ లేదు. మీ హోస్టింగ్ అపాచీ బదులు ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ మీద ఉంటే రూల్ రాసే తీరు వేరు, కింద కామెంట్‌లో చెప్పండి, అదీ రాసిస్తాను.