మాల తీశాక బూట్లు ఇరుకయ్యాయి

ప్రశ్న: మేడం గారూ, నాకు 48 ఏళ్లు. బ్యాంకులో పని చేస్తాను. మొన్న కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగాను. మొదటి వారం అరికాళ్లు మండిపోయాయి, తర్వాత అలవాటైంది. మాల తీసి ఆఫీసు బూట్లు వేసుకుంటే ఎవరో పాదం పట్టుకుని పిండుతున్నట్టుంది. బేర్‌ఫుట్ షూస్ అని ఉన్నాయి, చెప్పుల్లేకుండా నడిచినట్టే ఉంటుంది, కొనిస్తానంటున్నాడు మా అబ్బాయి. ఐదు వేలట! రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తాను. కొనమంటారా? ఆరేళ్లుగా షుగరుంది, మాత్రలతో అదుపులోనే ఉంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అసలు సంగతి ఆఖరి వాక్యంలో పెట్టారు. అక్కడికే వస్తాను, ముందు మీ బూట్ల పని చూద్దాం.

41 రోజుల్లో మీ పాదాలేమీ పెరిగిపోలేదండీ. ఆ బూట్లు మొదట్నుంచీ ఇరుకే, అలవాటుపడి మీకు తెలియలేదంతే. నమ్మకం లేకపోతే ఇవాళ సాయంత్రం నేల మీద పాత పేపరు పరిచి దాని మీద నిలబడండి. పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ ఇంట్లో ఎవరిచేతనైనా గీత గీయించండి. మీరే వంగి గీసుకుంటే బరువు పక్కకు పోయి గీత తప్పుతుంది. తర్వాత బూటు లోపలి అట్ట తీసి ఆ గీత మీద పెట్టండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి చిటికెన వేలు అట్ట బయటే ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ వేలు మడుచుకునే ఆఫీసుకు వెళ్లొస్తోందన్నమాట.

మీ అబ్బాయి చెప్పే బూట్లలో ఉన్నవి మూడే విశేషాలు. వేళ్ల దగ్గర వెడల్పు ఎక్కువ. మడమా వేళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి (మామూలు స్పోర్ట్స్ షూలో మడమ దాదాపు 10 మిల్లీమీటర్లు ఎత్తు). అడుగు పలచగా ఉండి చేత్తో చుట్టేస్తే చుట్టుకుంటుంది. మొదటిది ఎవరికైనా మంచిదే. మీ విషయంలో నాకు భయమల్లా మూడోదాని గురించే.

షుగరు అదుపులో ఉన్నా పాదాల నరాలు మెల్లగా మొద్దుబారవచ్చు. అది జరుగుతున్నట్టు మనకు తెలియకపోవడమే దాని గుణం. ఒకాయన మడమ నొప్పని వస్తే చెప్పు విప్పించాను. అడుగులోంచి డ్రాయింగ్ పిన్ను లోపలికి దిగి ఉంది, కాలికి రక్తం ఎండిపోయి ఉంది. గుచ్చుకుని ఎన్నాళ్లయిందో ఆయన చెప్పలేకపోయాడు. నొప్పి అంటున్నది ఎడమ కాలు, పిన్ను ఉన్నది కుడి కాలికి! మీరు 41 రోజులు ఏ గాజుపెంకూ దిగకుండా బయటపడ్డారు, స్వామి దయ. వచ్చే ఏడు మాల వేసే ముందు గురుస్వామితో పాటు షుగరు డాక్టరునీ అడగండి.

అందుకని ముందు పరీక్ష. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలిలో అక్కడక్కడ ఆనించి, తగిలిందా లేదా అని కళ్లు మూసుకున్న మిమ్మల్ని అడుగుతారు. రెండు నిమిషాల పని. ఒక్కచోట తెలియకపోయినా ఈ బూట్ల ఆలోచన మానేయండి. ఇంట్లో కూడా మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు వేసుకోండి, బయటికి డాక్టరు చెప్పిన బూట్లు.

అన్నిచోట్లా తెలిసిందా, కొనుక్కోండి. కానీ మొదటి రోజే గంట నడిచేరు! పదేళ్ల కిందట నేనూ ఇవి కొని, మర్నాడే ఐదు కిలోమీటర్లు నడిచాను. మూడో రోజుకి పిక్కలు ఎంతగా పట్టేశాయంటే, ఆస్పత్రి మెట్లు రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగి దిగాను. ఎదురొచ్చిన నా పేషెంటే నవ్వాడు. మడమ ఒక్కసారిగా ఆ 10 మిల్లీమీటర్లు కిందికి దిగితే పిక్క, దాన్ని మడమకు కట్టే స్నాయువు (టెండన్) ప్రతి అడుగుకీ మరింత ఎక్కువ సాగాలి కదా. మొదటి వారం ఇంట్లో అరగంట చాలు. తర్వాత నడకలో ఆఖరి పది నిమిషాలు, వారానికి మరో పది పెంచుకుంటూ పోండి. మిగతా నడకంతా పాత స్పోర్ట్స్ షూతోనే. పిక్క లాగితే ఒకరోజు ఆపి చూడండి. పాదం పైభాగంలో వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమంటే మాత్రం మానేసి చూపించుకోండి, అది ఎముక చెబుతున్న మాట.

మునివేళ్ల మీద నడవాలని వీడియోల్లో చెబుతుంటారు. అది పరుగెత్తేవాళ్ల గొడవ. నడకలో వట్టి కాళ్లతోనైనా ముందు ఆనేది మడమే. వీటితో మోకాళ్ల నొప్పులు పోతాయనే మాటా పట్టించుకోకండి. అమెరికాలో ఐదువేళ్ల బూట్లు అమ్మిన కంపెనీ ఇలాంటి ఆరోగ్య ప్రచారాల మీద పడిన కేసును 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్త కాళ్లతో గెలిచాడని అందరూ చెబుతారు. 1964లో టోక్యోలో బూట్లు వేసుకునీ గెలిచాడు, అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఐదు వేలు ఎక్కువనిపిస్తే ముందు వెడల్పుగా ఉన్న మామూలు బూట్లు కొని చూడండి, మీ ఇరుకు బాధ దాంతోనే తీరొచ్చు. ఏది కొన్నా సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆన్‌లైన్లో తెప్పిస్తానంటే మీ అబ్బాయికి నంబరు చెప్పకండి, ఆ పేపరు మీది గీత పొడవూ వెడల్పూ స్కేలుతో కొలిచి పంపండి.