హోలీ ఐలండ్ దారిలో నీళ్లు అడ్డొచ్చాయా? ఆదివారం మళ్లీ వెళ్లే ముందు

మ్యాప్ చూపిన దారిలో వెళ్తే రోడ్డు మీద నీళ్లున్నాయని రాశారు. మీ మ్యాప్ తప్పు కాదు, మీరు వెళ్లింది సముద్రం పోటు మీదున్నప్పుడు. ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్ తీరం నుంచి లిండిస్ఫార్న్‌కి, అదే హోలీ ఐలండ్‌కి, వెళ్లే రోడ్డు రోజుకు రెండుసార్లు మునిగిపోతుంది. "పదింటికి వెళ్తే ఎదురుగా నీళ్లే, ఆదివారం అదే టైముకి వెళ్లొచ్చా?" అన్నారు. అదే టైము అనుకోవద్దు. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

1. నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ తేదీకి రోడ్డు దాటే వేళలు చూడండి. మామూలు ఆటుపోట్ల పట్టిక చూసి సొంతంగా లెక్క వేయకండి.

2. అందరూ మరిచేది తిరుగు ప్రయాణం. వెళ్లే వేళ ఒక్కటే చూసుకుని లోపల ఇరుక్కుంటారు. రెండూ కాగితం మీద రాసుకోండి, గడువుకి అరగంట ముందే బయల్దేరండి.

3. "కొంచెం నీళ్లే కదా" అని కారు దింపొద్దు. దారి మధ్యలో స్తంభాల మీద తెల్లటి చిన్న గది, మెట్లతో కనిపిస్తుంది. అలా చిక్కుకున్నవాళ్లు ఎక్కి ప్రాణాలు కాపాడుకోవడానికే అది.

4. ముందు ప్రయరీ, అంటే పాత క్రైస్తవ మఠం, చూడండి. 635లో ఐడన్ అనే క్రైస్తవ సన్యాసి మఠం పెట్టిన చోటు, 793లో వైకింగులు (ఉత్తరాది సముద్రపు దోపిడీదారులు) దాడి చేసిన చోటు. ఇప్పుడున్న శిథిలాలు తర్వాతి కట్టడానివి. గోపురం కూలినా ఒక్క సన్నటి రాతి కమాను ఇంద్రధనుస్సులా గాల్లో నిలిచే ఉంది, తప్పక తలెత్తి చూడండి. దీవిలోనే ఉన్న కోటకి టికెట్ వేరు.

ఆదివారం వేళలు కుదరకపోతే బాంబరో కోటకి వెళ్లండి, దానికి పోటుతో పనిలేదు.