బెంగళూరులో ఇంటి వెనక పెంచడానికి ఏ జాతి పెద్దబాతులు సాధువుగా ఉంటాయి?

నా ఓటు పిల్‌గ్రిమ్ జాతికే. స్వభావం నెమ్మది. పైగా పెద్దయ్యాక మగది తెల్లగా, ఆడది బూడిద రంగులో ఉంటుంది, పిల్లలప్పుడే రంగు తేడాతో ఏది మగదో ఏది ఆడదో చెప్పొచ్చు కాబట్టి తెలియక మగవే ఎక్కువ తెచ్చుకుని, అవి కొట్టుకుంటుంటే పడే టెన్షన్ ఉండదు. అమెరికన్ బఫ్ కూడా మంచిదే.

అయితే మన దగ్గర ఎక్కువగా కనిపించేది ముక్కు మొదట్లో బుడిపె ఉండే చైనీస్ రకం. కాపలాకి భేష్, కానీ గేటు చప్పుడైతే చాలు, వీధంతా వినపడేలా అరుస్తుంది. పక్కింటి గోడ ఆనుకుని ఉంటే వద్దనే అంటాను.

ఏదైనా సరే, చిన్న పిల్లలప్పుడే కనీసం రెండు తెచ్చి, చేత్తో మేపి మచ్చిక చేసుకోండి. నీడ, తల మునిగేంత లోతున్న నీళ్ల తొట్టి తప్పనిసరి. గుడ్లు పెట్టే కాలంలో మాత్రం ఎంత సాధువైన మగదైనా మీదికొస్తుంది. అప్పుడు పసిపిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.