శలభాల రాత్రికి పాపను తీసుకువెళ్ళవచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. జూలై చివరి వారంలో మా దగ్గరి పార్కులో పిల్లాపాపలతో వచ్చేవారి కోసం రాత్రిపూట శలభాలను చూపించే కార్యక్రమం ఉంది. మా పాపకు ఆరేళ్ళు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా అత్తగారు, రెక్కల పొడి కళ్ళలో పడితే చూపు పోతుందని వద్దంటున్నారు. అక్కడ ఏం చూపిస్తారు? అవి దీపం దగ్గరికి ఎందుకు వస్తాయి?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పక వెళ్ళండి, మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. జూలై చివర ఇప్పుడు అనేక దేశాలలో జరుపుతున్న శలభాల వారోత్సవం 2012లో మొదలైంది మీ రాష్ట్రంలోని ఈస్ట్ బ్రన్స్‌విక్‌లోనే. (నిఘంటువులలో శలభానికి మిడుత అనే అర్థం కూడా ఉంది, ఇక్కడ దీపపు పురుగు అనే అర్థంలోనే వాడుతున్నాను.)

అక్కడ తెల్లని దుప్పటి ఒకటి కట్టి, దాని ముందు అతినీలలోహిత కాంతినిచ్చే దీపం పెడతారు. దీపానికి అంతగా రాని కొన్ని జాతుల కోసం బాగా మగ్గిన అరటిపండు, చక్కెర కలిపిన ముద్దను చెట్ల బెరడుకు పూస్తారు. వెన్నెల లేని, గాలి వీచని, ఉక్కపోసే రాత్రి అయితే ఎక్కువగా వస్తాయి. చీకటి పడగానే వచ్చేవి చిన్నవి; పెద్దవాటి కోసం పాప నిద్రవేళను ఆ ఒక్కరోజుకు సడలించవలసి ఉంటుంది.

మన కవులు శలభానికి దీపం మీద మోహాన్ని అంటగట్టారు కానీ, 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన వేరే కారణం చూపింది. ఆరుబయట ఎక్కువ వెలుగు ఉండేది ఆకాశం వైపే కనుక, ఎగిరే పురుగు తన వీపును వెలుగు వైపు ఉంచుకుని ఏది పైన, ఏది కింద అన్నది పోల్చుకుంటుంది. దగ్గరలో దీపం ఉంటే దానికీ వీపు తిప్పి, ఒరిగి ఎగురుతూ, దాని చుట్టూనే తిరుగుతూ చిక్కుకుపోతుంది. వేగంగా చిత్రీకరించే కెమెరాలతో ఈ సంగతి గమనించారు. పాపకు చెప్పేటప్పుడు ఒక బొమ్మ విమానాన్ని చేతిలో ఒరిగించి చూపితే సరిపోతుంది.

రెక్కల పొడి అంటే సన్నని పొలుసులు. అది అంటిన చేతులతో కళ్ళు నులుముకుంటే మంట పుట్టవచ్చు కానీ, చూపు పోతుందన్న మాట నిజం కాదు. అయినా రెక్కలను ముట్టుకోనివ్వకండి, ఎందుకంటే ఊడిన పొలుసులు మళ్ళీ మొలవవు. నూగు గొంగళి పురుగులను మాత్రం అసలు తాకవద్దు; కొన్నింటి వెంట్రుకలు దద్దురు తెప్పిస్తాయి. దీపంలోకి నేరుగా చూడనివ్వకండి. మీ ప్రాంతంలో గడ్డిలోని పిడుదుల వల్ల లైమ్ వ్యాధి వస్తుంది కనుక అందరూ నిండుగా ప్యాంటు, మేజోళ్ళు వేసుకుని, ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోండి.

అదృష్టం ఉంటే, వెనుక రెక్కలపై పెద్ద కన్నుల్లాంటి మచ్చలున్న పాలిఫెమస్ శలభం దుప్పటి మీద వాలవచ్చు. అది మీ అత్తగారి కరీంనగర్ వైపు మహదేవపూర్ అడవులలో మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగుకు చాలా దగ్గరి చుట్టం, రెండింటిదీ ఒకే ప్రజాతి. రెక్కలు వచ్చాక రెండూ ఏమీ తినవు. పురుగు దశలో తిన్నదానితోనే గడుపుకుని, గుడ్లు పెట్టి చనిపోతాయి. దసలి గూళ్ళను మీ అత్తగారు చూసి ఉంటే, ఆ మాట పాపకు ఆమెనే చెప్పమనండి.

చివర దీపం ఆర్పి దుప్పటిని మెల్లగా దులిపేదాకా ఆగండి. అలా వదలకపోతే తెల్లవారేసరికి వాటిని పిట్టలు ఏరుకుని తినేస్తాయి.