పున్నమి చంద్రుడి మీద ఆ తెల్లటి గీతలేమిటి?

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో పున్నమి చంద్రుడు పైకొస్తున్నప్పుడు కుడివైపు ఒక తెల్లని మచ్చ, దాని నుంచి సాగే తెల్లటి గీతలు చూశానని, అవేమిటని ఒకరు అడిగారు. ఆ మచ్చ టైకో బిలం, అంటే చంద్రుడి మీది ఒక పెద్ద గుంత. ఉల్క గుద్దుకోవడం వల్ల సుమారు 10.8 కోట్ల ఏళ్ల కిందట ఏర్పడింది. చంద్రుడి లెక్కలో అది నిన్నమొన్నటిదే.

వెడల్పు 85 కిలోమీటర్లు. అంటే నెల్లూరులో ఒక అంచు పెడితే రెండోది కావలి దాటిపోతుంది! లోతు దాదాపు 4.7 కిలోమీటర్లు. దెబ్బకు అణిగిన నేల తిరిగి ఎగదన్నడంతో నడుమ కొండ లేచింది. ఎగిరిపడిన ధూళి, రాళ్లే ఆ గీతలు. కొన్ని 1500 కిలోమీటర్లు సాగాయి. కొత్తవి కాబట్టి ఇంకా నల్లబడలేదు.

గీతలకు పున్నమే మంచిది. గోడలు, కొండ చూడాలంటే మాత్రం శుక్లపక్షంలో నవమి, దశమి రాత్రుల్లో చిన్న టెలిస్కోప్‌తో చూడండి. అప్పుడు నీడలు పొడవుగా పడతాయి.