ఆరు నెలల గెలుపుతో పోకర్ వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడు కావలిలో స్నేహితులతో ఆదివారాలు పోకర్ ఆడతాడు. టెక్సాస్ హోల్డెమ్, అంటే చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. ఆరు నెలలుగా చిప్స్ లెక్కలో వాడే ముందున్నాడు. గెలిస్తే “మైండ్ గేమ్ అక్కా” అంటాడు, ఓడితే “ముక్కలు పడలేదు” అంటాడు. ఉద్యోగం మానేసి గోవా క్యాసినోల్లో ఆడి బతుకుతాడట. వాడికి నిజంగా ఆట వచ్చినట్టేనా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వచ్చిందో లేదో ఆరు నెలల గెలుపును బట్టి తేలదమ్మా. ఒక్కో పంపకాన్ని ఒక ఆట అనుకుంటే, బల్ల దగ్గర గంటకు 25, 30 ఆటలే సాగుతాయి. ఆదివారానికి నాలుగు గంటల చొప్పున ఆరు నెలలకు మూడు వేలకు అటూ ఇటూ.

ఇప్పుడు ఆట సరిగా రాని మనిషినే తీసుకోండి. నూరు ఆటలకు సగటున 5 బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా వేసే పెద్ద పందెం) పోగొట్టుకునే రకం. కానీ పోకర్‌లో ఆ సగటు చుట్టూ ఊగిసలాట నూరు ఆటలకు 80 నుంచి 100 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటుంది. 90 అని వేసుకుంటే, మూడు వేల ఆటల తర్వాత అలాంటివాళ్లు వందమందిలో 38 మంది లాభంలోనే కనబడతారు. పదివేల తర్వాత కూడా 29 మంది. లక్ష ఆటలైతే గానీ ఆ సంఖ్య నాలుగుకు దిగదు. లక్ష అంటే మీ తమ్ముడికి పదహారు, పదిహేడేళ్ల ఆదివారాలు!

“ముక్కలు పడలేదు” అన్న మాటలో కొంత నిజముంది. చేతిలో రెండు ఆసులు పెట్టుకుని, ఎదుటివాడి రెండు రాజుల మీద ఉన్న చిప్స్ మొత్తం తోసినా గెలిచేది నూటికి 82 సార్లే. అయితే ఎదుటివాడి ఆసుల్ని తన రాజులతో కొట్టిన రోజున కూడా “నాకు ముక్కలు పడ్డాయి, అంతే” అనగలగాలి. అది ఎవరూ అనరు.

పరీక్షించాలంటే గెలుపోటముల్ని పక్కనపెట్టి నిర్ణయాలు చూడాలి. బల్ల మీద నాలుగో ముక్క పడింది, ఫ్లష్‌కు (ఒకే గుర్తువి ఐదు ముక్కలకు) ఒక్కటి తక్కువ అనుకోండి. చూడని 46 ముక్కల్లో పనికొచ్చేవి 9, అంటే ఐదింట ఒక వంతు. పాట్‌లో (పందెం కుప్పలో) 1000 చిప్స్ ఉన్నాయి, ఎదుటివాడు 500 వేశాడు. పిలిస్తే, అంటే తనూ 500 వేస్తే, నాలుగుసార్లు 500 చొప్పున 2000 పోయి, ఒక్కసారి 1500 వస్తుంది. ముక్క పడ్డాక ఇంకా రాబట్టుకోగలిగితే తప్ప, పిలిచిన ప్రతిసారీ సగటున 100 నష్టం. ముక్క పడిన రోజు మాత్రం “నాకు ముందే తెలుసు” అంటాడు, ఆ తప్పే అలవాటవుతుంది.

ఒక నోటుపుస్తకం పెట్టమనండి. చివరి ముక్క తిప్పకముందే అందరూ మొత్తం తోసేసిన ఆటల్లో, అప్పటికి తన గెలుపు శాతం ఎంతో రాయాలి. 2000 పాట్‌లో 82 శాతమైతే న్యాయంగా దక్కాల్సింది 1640. వచ్చినదానికీ దానికీ తేడా అదృష్టం ఖాతా. మంచి ముక్కలు ఎన్నిసార్లు పడ్డాయన్న అదృష్టం దీంట్లో తేలదు, అయినా కళ్లు తెరిపిస్తుంది. వందకు ఎన్ని ఆటల్లో చెయ్యి పెడుతున్నాడో కూడా లెక్కించాలి. తొమ్మిదిమంది బల్ల మీద జాగ్రత్తగా ఆడేవాళ్లు 15, 20కి మించి దిగరు. నలభై దాటితే అతివిశ్వాసమే.

ఇక గోవా సంగతి. స్నేహితుల బల్లకు కమీషన్ లేదు. క్యాసినో ప్రతి పాట్‌లోంచీ కొంత కోసుకుంటుంది, దానికి తోడు గది అద్దె, ప్రయాణం. స్నేహితుల్లో మొనగాడు కావడం వేరు, అంత ఖర్చు మించి గెలవడం వేరు. జీతం వదలొద్దనే మా మాట.

ప్రశ్న: రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందిగా. బాగా ఆడేవాడు గెలిచి తీరాలి కదా?
- ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: 1968లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణ కేసులో కోర్టు అన్నది “ప్రధానంగా” నైపుణ్యమని. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి. పంపకంలో అదృష్టం ఉంటుందని అదే తీర్పు ఒప్పుకుంది. మూడు ముక్కలాటను మాత్రం ఆ కోవలో చేర్చలేదు.

రమ్మీలో గొప్ప తెలివి చాలాసార్లు దిగిపోవడంలోనే ఉంది. 101 పూల్‌లో (101 పాయింట్లు చేరినవాడు బయటికి పోయే ఆటలో) మొదటి డ్రాప్, అంటే ఆడకముందే దిగిపోతే, నెత్తిన 20 పాయింట్లు, మధ్యలో దిగిపోతే 40, పూర్తిగా పోతే 80. జోకరు లేదు, సీక్వెన్సుకు దారి లేదు, అయినా “నేను తిప్పుతాను” అనుకుని ఆడేవాడు నాలుగు డ్రాపులంత ఒక్కసారే ఇచ్చుకుంటాడు.

ఫోన్లో డబ్బు పెట్టి ఆడటానికి మాత్రం ఈ తీర్పు అక్కరకు రాదు. మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ నిషేధించింది.